తేడా కొనేవాడి వైపు

…అసలు వారానికి ఎన్ని అని అడగడమే తప్పు, ఎన్ని అంటే ఏమిటని, గ్లాసులా సీసాలా గుటకలా, ప్రమాణం చెప్పకుండా లెక్క అడిగే మనిషి మా తూనికలు కొలతల శాఖలో చేరితే మొదటి రోజు మధ్యాహ్నానికే ఇంటికి పంపించేసేవాళ్ళం, ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో ప్రతి తక్కెడనీ ప్రతి పెట్రోలు పంపునీ ప్రతి పాల క్యానునీ నిలదీసి నిజం చెప్పించిన ఇన్‌స్పెక్టర్ని నేను, నా ఒళ్ళో ఇలాంటి కాగితం పెట్టి నింపమంటారా, పెన్నుకు దారం కట్టి మరీ ఇచ్చారు, ఎత్తుకుపోతానని కాబోలు, ఆ దారం కూడా పొట్టి, చెయ్యి చివరి వరుస దాకా వెళ్ళదు, వయసు నలభై ఏడు, రోగికి మీరు ఏమవుతారు, అన్నయ్య, ఇవ్వదలచిన అవయవం, కాలేయంలో కొంత భాగం, ఇక్కడిదాకా నా చేతిరాత గుండ్రంగానే ఉంది, పదకొండో ప్రశ్న దగ్గరే పెన్ను మొరాయించింది, మీరు మద్యం తీసుకుంటారా, అవును, వారానికి ఎన్ని, ఆ ఎన్ని పక్కన ఒక ఖాళీ గడి, నా బొటనవేలంత, పక్క కుర్చీలో నా భార్య సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పి తాగకుండానే మళ్ళీ బిగించి లోపల పెట్టేసింది, ఇది మూడోసారి, ఏమండీ అయిందా అంటోంది, అవుతోంది అన్నాను, గోడ గడియారం పది ఇరవై చూపిస్తోంది, నా చేతికున్నది పది పదిహేడు, తప్పు ఆసుపత్రి గడియారానిదే అయ్యుంటుంది.

మితంగా అని రాసేస్తే పోదా, పోయిన మంగళవారం సర్జనమ్మ అడిగినప్పుడు ఆ మాటే అన్నాను, మితంగా అంటే ఎంతండీ అంది ఆవిడ, రోజుకి అరవై మిల్లీలీటర్లు మేడమ్, రోజూ ఏడు గంటలకి, ఒక్క చుక్క అటూ ఇటూ కాదు అని ఎంత దర్జాగా చెప్పానని, ఛాతీ ముందుకు పెట్టి మరీ చెప్పాను, నా భార్య కిటికీ వైపు చూస్తూ కూర్చుంది, అప్పుడే అనుమానం రావాల్సింది నాకు, సర్జనమ్మ రాసుకుంది, తర్వాత కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది, నా కాలేయమట, మసక మసకగా ఏదో, ఇదిగో ఇక్కడ తెల్లగా కనిపిస్తోందే ఇదంతా కొవ్వు, పన్నెండు శాతం దాకా ఉంది, నాకు పది లోపు కావాలి, తిండి వల్ల కావచ్చు ఒంటి బరువు వల్ల కావచ్చు, కానీ మీరు చెప్పిన తాగుడు లెక్క మాత్రం నాకు సరిగ్గా కావాలి, కాలేయంలో సగానికి పైగా కోసి తీస్తాం, కొవ్వు ఎక్కువుంటే మీ చెల్లెలికి పెట్టిన ముక్కా పని చేయకపోవచ్చు, మీ దగ్గర మిగిలిన ముక్కా మీకు చాలకపోవచ్చు, కాబట్టి ఇంటికెళ్ళి ఆలోచించుకుని ఈ కాగితం మళ్ళీ నింపి తీసుకురండి, సిగ్గుపడకండి, ఇక్కడ ఎవరూ తిట్టరు అంది, ఎంత నెమ్మదిగా అందంటే దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది, నా లెక్క సరిగ్గా కావాలట, నా లెక్క, బజారులో నన్ను చూడగానే దుకాణాల వాళ్ళు తక్కెడ పళ్ళాలు తుడుచుకునే నా లెక్క, అయినా మితంగా తాగితే ఏమవుతుంది, ఏమీ కాదు, గుండెకి మంచిదని పేపర్లో వస్తే కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించాను, ఆరేళ్ళ కిందట, నా భార్య మర్నాడు దాని పక్కనే ఇంకో కాగితం ముక్క అంటించింది, సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని దాంట్లో ఉంది, రెండూ అలా పక్కపక్కనే ఉండిపోయాయి, పాలు తీసినప్పుడల్లా నేను నాది చదువుకుంటాను, తను తనది చదువుకుంటుంది, కాపురం అంటే అంతే కదా, మా పెద్దాయన, నాకు పని నేర్పిన రిటైరైన పెద్దాయన, ఎనభై రెండేళ్ళు, సాయంత్రం గ్లాసు తప్పనివాడు, నిన్నగాక మొన్న మెట్లెక్కి మా మేడ మీదికి వచ్చాడు, చుక్క ముట్టని మా ఆఫీసు గుమాస్తా యాభై దాటకుండానే పోయాడు, ఈ సంగతి కూడా సర్జనమ్మకి చెప్పాను, ఇద్దరు మనుషులతో లెక్క తేలదండీ అంది, ఒకప్పుడు కొంచెం మంచిదేనని మేమూ అనేవాళ్ళం, ఆ పాత లెక్కల్ని ఇప్పుడు ఎవరూ గట్టిగా పట్టుకోవడం లేదు, తక్కువైతే ముప్పు తక్కువ, అంతేగానీ అసలు లేదని కాదు అంది, ఇద్దరితో లెక్క తేలదని నాకు తెలియదా, పది సార్లు తూచందే ఒక తూకపు రాయికి ముద్ర వేసేవాడిని కాను, ఆ మాట నేనే ఎవరికైనా చెప్పాల్సింది.

పైన నాలుగో అంతస్తులో చెల్లి పడుకుని ఉంటుంది ఇప్పుడు, కిటికీ వైపు మంచం, ఇందాక చూసి వచ్చాను, కళ్ళు ఇంకా పసుపుగా ఉన్నాయి, చేతులు పుల్లల్లా అయిపోయి పొట్ట మాత్రం ఎత్తుగా, నవ్వింది నన్ను చూసి, అన్నయ్యా మళ్ళీ ఎందుకు పిలిచారు అంది, ఊరికే, కాగితాల పని అన్నాను, మందు వాసన సోకితేనే ముక్కు మూసుకుని గది దాటిపోయే మనిషి, జీవితంలో చుక్క ముట్టలేదు, దానికి రావాలా కాలేయం జబ్బు, ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి దాని కాలేయాన్ని తినేస్తోందట, ఇలాంటి జబ్బు ఒకటుందని ఎవరికి తెలుసు, దాని మొగుడి రక్తం గ్రూపు కలవలేదు, దాని కూతురికి పన్నెండేళ్ళే, నాది కలిసింది, కలిసిందని ఫోన్ వచ్చిన రోజు నేను నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చాను, సంతోషమే అది, నిజంగా సంతోషమే, వెనక బండివాడు హారన్ కొడుతుంటే కూడా కదల్లేదు, చిన్నప్పుడు ఏది తెచ్చినా అమ్మ మా ఇద్దరి మధ్యా పెట్టి ఒకరు కొయ్యండి ఇంకొకరు ఎంచుకోండి అనేది, నేను కోసేవాణ్ణి, అది ఎంచుకునేది, ఒక ముక్క వెంట్రుకవాసి పెద్దగా ఉన్నా దాని చెయ్యి అటే వెళ్ళేది, అందుకే కేకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక కన్ను మూసి కోసేవాణ్ణి, ఈ ఉద్యోగానికి నన్ను తయారు చేసింది అదే అనుకుంటాను, మొన్నామధ్య సర్జనమ్మ కుడి వైపు భాగం తీసుకుంటాం, దాదాపు అరవై శాతం అంటే చెల్లి నన్ను చూసి, పెద్ద ముక్క నాదేరా అంది, రా అంది, చిన్నప్పటి తర్వాత మళ్ళీ ఎప్పుడూ అనలేదు, అందరం నవ్వాం, మళ్ళీ అరవయ్యే అని నాలో నేను అనుకున్నాను, దానికి అరవై, నాకు అరవై, ఎక్కడికి పోయినా ఈ అంకె వదలదు, తర్వాత నా భార్య బయటికి వెళ్ళినప్పుడు చెల్లి గొంతు తగ్గించి, అన్నయ్యా నీకు భయమైతే చెప్పేయ్, నేనేమీ అనుకోను, ఒట్టు అంది, భయమేంటే పిచ్చిదానా అన్నాను, కత్తి గురించి అంది కదా అది, కత్తి గురించి నాకు నిజంగా భయం లేదు, ఎందుకు లేదో కూడా తెలియదు, పొట్ట మీద పెద్ద గీత పడుతుందని చెప్పారు, పడనీ.

మరి కాలెందుకు ఇలా ఊగుతోంది, ఏమండీ కుర్చీల వరస మొత్తం కదులుతోంది అంటోంది నా భార్య, నిజమే, చివర్లో కూర్చున్న ముసలావిడ కూడా ఊగుతోంది, కాలు ఆపాను, చెయ్యి మొదలుపెట్టింది, పెన్ను మూత తీసి పెట్టి తీసి పెట్టి, శనివారం గుర్తుకొస్తోంది, గుర్తుకు రావద్దని అనుకునే కొద్దీ వచ్చి చెవిలో జోరీగలా తిరుగుతోంది, శనివారం ఆఫీసుకి సెలవు, అయినా వెళ్ళాను, సంచిలో టవలు చుట్టిన నా గ్లాసు, ఆ గ్లాసు మీద అరవై దగ్గర గీత నేనే గీశాను పదకొండేళ్ళ కిందట, వజ్రపు మొన ఉన్న పెన్సిలుతో, మా లాబొరేటరీ కొలపాత్రతో కొలిచి మరీ, గీతలో తప్పుండదు, ఆ సంగతి సర్జనమ్మకి నిరూపిస్తాననే వెళ్ళాను, ఇదిగో సర్టిఫికెట్ అని బల్ల మీద కొట్టాలని, అక్కడ ల్యాబులో గాజు సామాన్లు కడిగే ఆవిడ ఒక్కతే ఉంది, సెలవు రోజున ఏంటి సార్ అంది, చిన్న పరీక్ష అన్నాను, నీళ్ళు పట్టుకొచ్చి ఇచ్చింది, ముందు గీత చూశాను, అరవై, అచ్చంగా అరవై, చూశావా అనుకున్నాను, అక్కడితో ఆగి ఇంటికి వచ్చేస్తే అయిపోయేది, కానీ ఇరవై రెండేళ్ళ అలవాటు ఆగనివ్వదు, పంపు మీద రాసిన అంకె చూసి మేం ఎప్పుడూ సంతకం పెట్టం, పంపు పోసింది చూసి పెడతాం, సరే, సీసాలో నీళ్ళు నింపుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను, సాయంత్రం ఏడయినట్టు, షర్టు గుండీ ఒకటి విప్పుకుని, రోజూ ఇంట్లో పోసుకున్నట్టే పోశాను, గీత చూస్తూనే పోశాను, గీత నీళ్ళలో మునిగింది, ఇంకాస్త వంగింది చెయ్యి, దానంతట అదే, ఆ నీళ్ళని కొలపాత్రలో పోసి చూస్తే తొంభై నాలుగు, మళ్ళీ పోశాను, తొంభై ఒకటి, మళ్ళీ, తొంభై ఏడు, ల్యాబావిడ పక్కకొచ్చి చూసింది, ఈ గ్లాసు ఎవరిది సార్, ఒక దుకాణంవాడిది అన్నాను, వెంటనే అబద్ధం ఎంత బాగా వచ్చిందో, అయితే కేసు పెడతారా, ఎక్కువ పోస్తున్నాడు కదా సార్, వీడికి దండ వెయ్యాలి అని నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వుతూనే నా చెయ్యి ఎక్కడ నేర్చుకుందో తెలిసింది, దుకాణాల వాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠమే అది, పోసేటప్పుడు కాస్త తేడా రాక తప్పదు, ఆ తేడా ఎప్పుడూ కొనేవాడి వైపే ఉండాలి, వాడికి చుక్క ఎక్కువ పోయినా ఫర్వాలేదు గానీ తగ్గకూడదు, గీత మునగాలి అని, వేలమందికి చెప్పాను, ఇంట్లో పోసేవాణ్ణీ నేనే, తాగేవాణ్ణీ నేనే, పదకొండేళ్ళుగా ఎంత నిజాయితీగా పాటించానంటే ఒక్క రోజు కూడా కొనేవాడికి అన్యాయం జరగనివ్వలేదు, గ్లాసు మళ్ళీ టవల్లో చుట్టుకుని బయటపడ్డాను, ఆ సాయంత్రం ఏడింటికి గీత దగ్గర కచ్చితంగా ఆపాను, ఆపితే గ్లాసులో ఏమీ లేనట్టే అనిపించింది, కోపం వచ్చింది, ఎవరో నన్ను మోసం చేసినట్టు, తొమ్మిది లోపల మళ్ళీ పోశాను, ఈసారి గీత వైపు చూడలేదు.

ఏం రాయాలి, అరవై రాస్తే, పన్నెండు శాతం కొవ్వు తిండి వల్లే అనుకుంటారు, బరువు తగ్గమంటారు, ఏడు గంటల జోలికి అంత గట్టిగా రారు, తొంభై నాలుగు రాస్తే మీరు పనికిరారు అని పంపించేస్తే, చెల్లికి ఇంకెవరున్నారు, ఎవరూ లేరు, పైకి వెళ్ళి దానికి ఆ మాట ఎలా చెప్పను, అబద్ధం రాసి కోయించుకుంటే అది చచ్చిపోతే, నేను చచ్చిపోతే, అబ్బా, దాని కూతురు, మేనమామ రాసిన అంకె ఏదని ఎప్పుడైనా అడిగితే, గడిలో అరవై అని రాశాను, ఆరు చాలా అందంగా వచ్చింది, నా భార్య తల వంచి చూసింది, చూసి, రోజూ పోసుకునేటప్పుడు వంటింట్లోంచి నాకు కనపడదనుకున్నారా అంది, ఎప్పటినుంచి అన్నాను, గీత గీసిన నెల నుంచి అంది, మరి చెప్పలేదేం, చెబితే ఏమంటారు మీరు, నాకు కొలత నేర్పుతావా అంటారు అంది, నిజమే, అదే అనేవాణ్ణి, అచ్చం అదే మాట, ఇంతలో నర్సు తలుపు తెరిచి నా పేరు కాకుండా దాత, దాత ఎవరండీ అని పిలిచింది, దాత అంటే చేతికి ఎముక లేని మహానుభావుడెవరో అనుకుని నేను కూడా అటూ ఇటూ చూశాను, మీరేనండీ అని భార్య మోచేత్తో పొడిచింది, లేచాను, లేస్తూనే అరవై మీద అడ్డగీత కొట్టి పక్కన తొంభై నాలుగు, రోజుకి, అని రాశాను, గడిలో పట్టలేదు, బయటికి వచ్చేసింది, దారం తెగింది, పెన్ను నా చేతిలోనే ఉండిపోయింది.

సర్జనమ్మ కాగితం ముందుకు లాక్కుని చదివింది, ఆవిడ వేలు పదకొండో ప్రశ్న దగ్గర ఆగింది, తొంభై నాలుగా, ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలిగారు అంది, కొలిచాను మేడమ్, మూడు సార్లు కొలిచి సగటు తీశాను అన్నాను, మధ్యలో శనివారం రెండోసారి పోసుకున్నది కూడా చెప్పాను, నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు, మంచి పని చేశారు అంది, ఇప్పుడు నా పని తేలికైంది, చూడండి, ఇది తలుపు మూసేసేంత లెక్క కాదు, ఆరు వారాలు, చుక్క లేదు, తిండి ఈ కాగితం ప్రకారం, రోజూ గంట నడక, ఆరో వారం మళ్ళీ స్కాన్, మందు ఆపితే చాలామందికి ఈ పాటి కొవ్వు తగ్గుతుంది, తగ్గితే ఏడో వారంలో ఆపరేషన్, మీ చెల్లెల్ని రెండు నెలలు నేను లాక్కురాగలను, ఆ పైన మాటివ్వలేను, అంటే మన చేతిలో జారవిడుచుకోవడానికి వారానికి మించి లేదు, కాబట్టి ఇవాళ్టి నుంచే మొదలు, సరేనా అంది, నా భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఏడుస్తోంది, చెల్లి బతుకుతుందని ఏడుస్తోంది, ఆ మాటకి నాకూ కళ్ళు తిరిగేంత సంతోషం రావాలి, రోడ్డు మీద వచ్చినట్టు, వస్తుందని ఎదురుచూశాను, వచ్చింది మాత్రం ఇంకోటి, ఇవాళ్టి నుంచేనా, ఇవాళ, అంటే ఈ సాయంత్రం ఏడింటికే, సీసాలో ఇంకా ఒక్క రోజుకి సరిపడా ఉంది, ఏడింటికి బాల్కనీలో కుర్చీలో చేతిలో ఏమీ లేకుండా ఏం చేస్తాను, చేతులు ఎక్కడ పెట్టుకుంటాను, కాలు మళ్ళీ మొదలుపెట్టింది, నేను అంటున్నానని తెలియకుండానే అనేశాను, రేపటి నుంచి మొదలుపెడితే ఏమైనా తేడానా మేడమ్.

సర్జనమ్మ కాగితం మీంచి తల ఎత్తి నన్ను చూసింది, తిట్టలేదు, నా భార్య చెయ్యి మెల్లగా నా చేతి మీంచి వెళ్ళిపోయింది, పైకప్పు ఫ్యాను తిరుగుతోంది, నా మాట నాకే మళ్ళీ వినిపించింది, ఎంత మర్యాదగా అడిగానో, ఎంత మామూలుగా, ఆఫీసులో సెలవు ఒక రోజు ముందుకి జరపమన్నట్టు, అరవయ్యా తొంభై నాలుగా, గుండెకి మంచిదా చెడ్డదా, పెద్దాయనా గుమాస్తానా అని ఇన్నాళ్ళూ ఎంత కొట్టుకున్నాను, కత్తికి భయం లేదని ఎంత గర్వపడ్డాను, పొట్ట కోస్తామంటే కోసుకోమన్నాను కదా, అది ఇవ్వగలను, సగానికి పైగా ఇవ్వగలను, ఈ సాయంత్రం మాత్రం ఇవ్వలేకపోయాను, మితంగా అని నేను చెప్పుకునేది ఇదన్నమాట, పైన మంచం మీద పడుకున్న నా చెల్లికి మిగిలిన రోజులు ఎన్నో ఈవిడ ఇప్పుడే లెక్కగట్టి నా ముందు పెట్టింది, పెట్టిన నిమిషంలోనే, వాటిలోంచి ఒక రోజు నాకిమ్మని అడిగాను.